నల్ల కారు, పాత లుంగీ

పాణ్యంలో నల్ల కారు కొనడమంటే దుమ్ముతో పంతం పెట్టుకోవడమే. ఊరి మీదుగా కర్నూలు-నంద్యాల హైవే, దాని మీద బండల లారీలు. పొద్దున తుడిచిన బానెట్ మీద సాయంత్రానికి వేలితో పేరు రాయొచ్చు.

మా నాయన ఆ పంతాన్ని తొమ్మిదేళ్లు వదల్లేదు. కాఫీకి ముందే పాత లుంగీ గుడ్డతో కారంతా తుడవాల్సిందే. అయినా ఎండలో చూస్తే బానెట్ నిండా సాలెగూడులాంటి గీతలు. "రంగే మంచిది కాదురా" అనేవాడు.

మొన్న సెలవులకొచ్చి పాలిష్ నేనే పెట్టా. వేపచెట్టు నీడలో, రేకు చల్లబడ్డాక. బాగా నీళ్లు కొట్టి, షాంపూతో కడిగి, క్లే బార్ రుద్దితే ఆ ముద్ద కాస్తా బూడిద రంగుకొచ్చింది. తర్వాత కాంపౌండ్, కొంచెం కొంచెంగా. రంగు పైనుండే క్లియర్ కోట్ తలవెంట్రుక కన్నా పలచన. గీత పోవాలంటే ఆ పొరనే కాస్త అరగదీయాలి. మాటిమాటికీ చేసే పని కాదిది. చివర్లో కార్నౌబా వ్యాక్స్, బ్రెజిల్లో పెరిగే ఓ తాటిజాతి చెట్టు ఆకుల మైనం. బానెట్‌లో వేపకొమ్మలు కనబడ్డాయి!

అసలు కష్టం అప్పుడొచ్చింది. తప్పు రంగుది కాదు. పొడిగుడ్డ కింద నలిగిన దుమ్ము గీసిన గీతలవి. ఎలా చెప్పను?

"నాయనా, ఇకమీదట నీళ్లు పోయకుండా తుడవొద్దు."

ఆయన బానెట్ వంక చూశాడు, చేతిలో గుడ్డ వంక చూశాడు. "అంటే, నేను జేసిందేనా ఇదంతా?"

నేను వ్యాక్స్ డబ్బా మూత వెతుక్కుంటూ ఉండిపోయా.

మర్నాడు బకెట్ చప్పుడుకు మెలకువ వచ్చింది. నీళ్లయితే పోస్తున్నాడు. గుడ్డ మాత్రం ఆ పాత లుంగీదే.