ఆకు కోస్తే కలుపు చస్తుందా?

మా పుట్టిల్లు ఎమ్మిగనూరు, అత్తిల్లు ఆదోని. వానాకాలంలో అమ్మ ఫోన్ చేస్తే సగం మాటలు కలుపు మీదే. పత్తి చేలో తుంగ ఆమెకు సవతిలాంటిది. "పైన ఆకు కోస్తే ఏమైతాదే? గడ్డ బూమిలోనే ఉండాది గదా" అంటుంది. నిజమే. ఆకు పోగానే నేలలో దాచుకున్న గడ్డలోని తిండితో తుంగ మళ్లీ మొలుస్తుంది. కాకపోతే మొలిచినప్పుడల్లా ఆ తిండి ఖర్చవుతుంది. కొత్త ఆకు ఎదిగి గడ్డకు తిరిగి తిండి పంపేలోపే దాన్నీ తీసేస్తే గడ్డ బలం తగ్గుతూ వస్తుంది, పిల్లగడ్డలూ తక్కువే పడతాయి. మనం పోపుల డబ్బాలో దాచుకున్న డబ్బులూ అంతేగా, వేసేది లేక తీసేదే ఉంటే ఎన్నాళ్లొస్తాయి! అందుకే అమ్మ ఒక్కసారి గుంటక తోలించి ఊరుకోదు, మళ్లీ మళ్లీ తోలిస్తుంది.

చెంచలాకు సంగతి వేరు. కలుపు తీసే ఆడవాళ్లు సాయంత్రం ఒడిలో వేసుకొచ్చే ఆ కూర కూడా కలుపే మరి. కొన చిగురు గిల్లితే పక్క మొగ్గలు లేచి ఇంకా గుబురుగా కొమ్మలేస్తుంది. పప్పులోకి మనకు లాభమే, చేనుకు కాదు.

నా తలనొప్పి మాత్రం వయ్యారిభామ. ఆదోనిలో మా ఇంటి పక్క ఖాళీ స్థలం నిండా అదే. అది పూసిందంటే మా అత్తమ్మకు మెడ, చేతులు దద్దుర్లు, రాత్రంతా నిద్ర ఉండదు. స్థలం వాళ్లు కొడవలితో కోయించారు. మూడు వారాలకు మొదళ్ల నుంచి పిలకలేసి, జానెడెత్తుకే పూసింది. ఒక్కో మొక్క వేల విత్తనాలు రాలుస్తుంది.

దీని ఆకు తినే పెంకుపురుగును మెక్సికో నుంచి తెప్పించి 1984లో బెంగళూరు దగ్గర వదిలారు. లేత మొక్కల మీద గుంపుగా పడితే ఆకంతా తినేసి పూత బాగా తగ్గిస్తుంది. ముదిరాక పడితే అంత ఫలితం ఉండదు. పైగా ఎండాకాలం మట్టిలో నిద్రపోయి వానలకు గానీ లేవదు. ఈలోపు భామగారు పూసి కూర్చుంటారు.

ఆ పురుగు కోసం ఎదురుచూసే ఓపిక మాకు లేదు. స్థలం వాళ్లకు చెప్పి, ఈసారి వాన పడిన మర్నాడే, నేల మెత్తగా ఉండగా, మొలకలు ఇంకా పూతకు రాకముందే ఆయనా నేనూ గ్లౌజులు వేసుకుని, ముక్కుకు గుడ్డ కట్టుకుని వేళ్లతో సహా పీకేశాం. అత్తమ్మను ఆ రెండు రోజులూ ఎమ్మిగనూరులో అమ్మ దగ్గరికి పంపాను. వదినా వదినా కలిసి చెంచలాకు పప్పు చేసుకున్నారట.