ఎంటర్ కొట్టినంత మాత్రాన

ఊళ్ళోంచి నాన్న మెసేజ్: "నిన్న". వెనకే ఇంకోటి: "అమ్మకి". మూడోది: "ఒంట్లో". ఆ తర్వాత ఏమీ లేదు.

మీటింగ్ మధ్యలో లేచి ఫోన్ చేశాను. "జ్వరం తగ్గిందని రాద్దామంటే ఒక్కో మాటే వెళ్ళిపోతోందిరా. ఈ వయసులో నాకివి రావులే" అన్నాడు. ముప్పై ఏళ్ళు తెలుగు పాఠం చెప్పిన మనిషి.

ఆ చాట్ ప్రోగ్రామ్ ఇంట్లోవాళ్ళ కోసం నేను రాసిందే. అందులో ఒక 'ఇఫ్' ఉంది: నొక్కిన కీ ఎంటర్ అయితే మెసేజ్ పంపెయ్. నాన్న నా పాత మ్యాక్‌లో ఇంగ్లిష్ అక్షరాలు కొట్టి, కింద కనిపించే తెలుగు మాటని ఎంటర్‌తో ఎంచుకుంటాడు. ఆయన ఎంటర్‌కి అర్థం 'ఈ మాట' అని. నా ప్రోగ్రామ్‌కి మాత్రం 'ఇక చాలు' అని.

నిజానికి ఈ పాఠం నాకు కొత్త కాదు. ఇంజినీరింగ్ ల్యాబులో, టర్బో సీ నీలం తెర మీద పాము ఆట రాశాను. పై బాణం కోడ్ 72 అని ఎవరో చెబితే, 72 వస్తే పాము పైకి వెళ్ళాలని రాసేశాను. ఆడింది కూడా. ఒకరోజు క్యాప్స్ లాక్ పడివుండగా పక్కవాడు హెచ్ నొక్కాడు, పాము పైకెళ్ళింది. పెద్ద హెచ్ కోడూ 72నే. బాణం నొక్కినప్పుడు 'గెట్‌చ్' ముందు సున్నా ఇస్తుంది, మళ్ళీ పిలిస్తేనే 72. ఆ సున్నాకి అర్థం: ఆగు, అసలు సంగతి వెనక వస్తోంది.

బ్రౌజర్ కూడా అలాగే ఆగమంటుంది. మాట ఇంకా కూర్పులోనే ఉంటే 'ఈజ్ కంపోజింగ్' నిజమని చెబుతుంది, పాత పద్ధతిలో అడిగితే కీ కోడ్ 13 బదులు 229 ఇస్తుంది. జపనీస్, చైనీస్ రాసేవాళ్ళకి ఇది రోజువారీ తలనొప్పి. నేను ఇంగ్లిష్‌లో టెస్ట్ చేశాను కాబట్టి నాకు తగల్లేదు. తెలుగువాణ్ణయ్యుండి, తెలుగులో ఒక్క వాక్యం కొట్టి చూడలేదు.

షరతులో ఇంకో ముక్క చేర్చాను: ఎంటర్ అయితే, మాట కూర్పు ముగిసి ఉంటే. అంతే.

ఆ సాయంత్రం నాన్న నుంచి పూర్తి వాక్యాలు వచ్చాయి, ఫుల్‌స్టాపులతో సహా. ఫోన్ చేసి, "తప్పు నీది కాదు నాన్నా, నాది" అన్నాను.

"అదేం లేదులేరా, ఇప్పుడు అలవాటైంది" అన్నాడు.