గడ్డి కింద ఏముంది?

అమెరికాలో ఉన్న పిల్లల దగ్గరికి వెళ్లొచ్చిన తెలుగు అమ్మానాన్నల ఆల్బమ్‌లో ఒక ఫొటో తప్పకుండా ఉంటుంది. నీలంరంగు రెయిన్‌కోటు, తడిసిన కళ్లజోడు, వెనక నయాగరా జలపాతం. అక్కణ్నుంచి కారులో కాసేపు వెళ్తే అదే ఊళ్లో లవ్ కెనాల్ అనే చోటు ఉంది. టూరిస్టు బస్సులు అటు వెళ్లవు. వెళ్లినా చూడ్డానికేమీ లేదు. ఇనుప కంచె, లోపల ఎకరాలకొద్దీ పచ్చగడ్డి, ఆ గడ్డిలో అక్కడక్కడా మూతలు బిగించిన గొట్టాలు. పిల్లలు క్రికెట్ ఆడుకోవడానికి భలే ఉంటుందనిపించే మైదానం. కానీ లోపల అడుగు పెట్టనివ్వరు.

పేరు చూసి ప్రేమికుల కాలువ అనుకునేరు! అది విలియం లవ్ అనే ఆయన ఇంటిపేరు. నయాగరా నదికి కాలువ తవ్వి, కరెంటు తీసి, ఒడ్డున ఓ కలల నగరం కడతానని 1890ల్లో బయల్దేరాడు. డబ్బులు అయిపోయాయి. దాదాపు 3 వేల అడుగుల గొయ్యి మిగిలింది. వేసవిలో పిల్లలు అందులో ఈత కొట్టేవారు.

1942 నుంచి 1953 దాకా హుకర్ కెమికల్ కంపెనీ ఆ గోతిలో 21 వేల టన్నులకు పైగా రసాయన వ్యర్థాలు పూడ్చింది. పైన మట్టి కప్పి, స్థలాన్ని ఊరి స్కూలు బోర్డుకు అమ్మేసింది. ధర ఒక్క డాలరు! కింద రసాయనాలున్నాయనీ, రేపు ఏం జరిగినా తమకు పూచీ లేదనీ దస్తావేజులోనే రాసింది. అయినా 1955లో అక్కడ బడి తెరిచారు. చుట్టూ ఇళ్లు లేచాయి. వాటిని కొనుక్కున్నవాళ్లకు ఆ దస్తావేజు సంగతి ఎవరు చెబుతారు?

సెల్లార్‌లో గాలి

1970ల మధ్యలో వానలూ మంచూ ఎక్కువయ్యాయి. నీళ్లు నిండిన గిన్నెలా గొయ్యి పొంగింది. పెరళ్లలో నల్లటి జిగురు తేలింది. సెల్లార్ గోడల్లోంచి ఘాటు వాసన. 1976లో నయాగరా గెజెట్ పత్రిక విలేకరులు సెల్లార్లలో ఊరిన నీటిని పరీక్ష చేయిస్తే విష రసాయనాలు బయటపడ్డాయి. రాష్ట్ర ఆరోగ్యశాఖ పూర్తిస్థాయిలో రంగంలోకి దిగేసరికి 1978 వచ్చింది.

మట్టి తీశారు, నీళ్లు పట్టారు, ఇళ్లలో వాళ్ల రక్తం కూడా తీసుకున్నారు. అసలు గుట్టు విప్పింది మాత్రం గాలి. ఇలాంటి పరీక్షలో చిన్న పంపుతో గదిలోని గాలిని సన్నటి గొట్టంలోకి లాగుతారు. గొట్టంలోని పొడి రసాయనాల ఆవిరిని పట్టేసుకుంటుంది. తర్వాత ల్యాబ్‌లో వాటిని విడదీసి ఏది ఎంతుందో లెక్కగడతారు. పిల్లలు ఆడుకునే, బట్టలుతుక్కునే సెల్లార్లలో బెంజీన్ ఉందని తేలింది. క్యాన్సర్ తెచ్చే రసాయనమది.

ఆగస్టు 2న అత్యవసర పరిస్థితి ప్రకటించారు. బడి మూసేయాలి, గర్భిణులూ రెండేళ్లలోపు పిల్లలూ వెళ్లిపోవాలి. రెండేళ్ల పిల్లాడికి విషమైన గాలి మూడేళ్ల వాడికి ఎలా మంచిదవుతుందని తల్లులు నిలదీశారు. వారం తిరక్కుండానే గోతికి దగ్గరగా ఉన్న 239 కుటుంబాలను ఖాళీ చేయిస్తామన్నారు. వాళ్ల ఇళ్ల చుట్టూ కంచె కట్టారు.

కంచె ఇవతల

లోయిస్ గిబ్స్ అనే గృహిణి ఇల్లు కంచెకు ఇవతల, 101వ వీధిలో ఉంది. ఆ బడిలో చేరిన కొడుక్కి ఫిట్స్ వచ్చాయి. ఆమె ఇంటింటికీ తిరిగింది, ఫోన్లు చేసింది, ఎవరింట్లో ఏ జబ్బో రాసుకుని మ్యాపు మీద గుర్తులు పెట్టింది. గుర్తులు గోతి చుట్టూ గుండ్రంగా రాలేదు, గీతల్లా సాగాయి. అదేమిటని అడిగితే పాతకాపులు చెప్పారు... ఇళ్లు కట్టకముందు అక్కడ వాగులు పారేవట. పూడ్చేసినా నీటికి పాతదారి గుర్తే కదా! బెవర్లీ పైగెన్ అనే శాస్త్రవేత్త ఆ లెక్కలకు ఒక రూపం తెచ్చారు. గృహిణులు పోగేసిన పనికిరాని లెక్కలంటూ అధికారులు తేలిగ్గా తీసేశారు. చివరికి 1979 ఫిబ్రవరిలో గర్భిణులనూ పసిపిల్లలనూ 103వ వీధి దాకా కదిలించక తప్పలేదు.

అధికారుల పరీక్షల్లోనూ లోపాలు తక్కువేం కాదు. 1980 మేలో 36 మందికి పరీక్ష చేస్తే 11 మందిలో క్రోమోజోములు దెబ్బతిన్నాయన్నారు. పోల్చి చూడ్డానికి వేరే పేటవాళ్ల రక్తం తీసుకోనేలేదు! పేట భగ్గుమంది. జనం ఇద్దరు అధికారులను కొన్ని గంటలపాటు ఇంట్లో నిర్బంధించారు. రెండ్రోజుల్లో అధ్యక్షుడు కార్టర్ మరోసారి అత్యవసర పరిస్థితి ప్రకటించి, మిగతావాళ్లూ వెళ్లిపోవడానికి దారి తెరిచారు. విషపు దిబ్బలను శుభ్రం చేసే సూపర్‌ఫండ్ చట్టం ఆ డిసెంబరులోనే వచ్చింది.

ఆ తర్వాత మట్టి, నీరు, గాలి కలిపి 6 వేలకు పైగా నమూనాలు పరీక్షించారు. బయటి వీధులు మామూలుగానే ఉన్నాయని 1982లో చెప్పారు. ఈ లెక్కలతో ప్రమాదం ఉందనీ చెప్పలేం, లేదనీ చెప్పలేం అని మరుసటేడు అమెరికా పార్లమెంటుకు సలహాలిచ్చే నిపుణుల సంస్థ పెదవి విరిచింది. ఇల్లు అమ్ముకోవాలా ఉంచుకోవాలా అని కూర్చున్నవాళ్లకు ఏం అర్థమవుతుంది?

1988లో ఉత్తర, పడమర వీధులు నివాసానికి పనికొస్తాయన్నారు, తూర్పు వైపు పనికిరాదన్నారు. 1990 నుంచి అక్కడి ఇళ్లను మార్కెట్ కంటే తక్కువ ధరకు అమ్మారు. పేటకు బ్లాక్ క్రీక్ విలేజ్ అని కొత్త పేరూ పెట్టారు. 2004లో సూపర్‌ఫండ్ జాబితాలోంచి ఈ స్థలాన్ని తీసేశారు. 2011లో మురుగు కాల్వ మరమ్మతులు జరిగాక, కొందరు నివాసులు మళ్లీ కోర్టుకెక్కారు.

పూడ్చిన వ్యర్థాలు ఎక్కడికీ పోలేదు. బంకమట్టి, ప్లాస్టిక్ పొర, గడ్డి... ఈ దుప్పటి కిందే ఉన్నాయి. చుట్టూ భూమిలో తవ్విన కాల్వ ఊటనీటిని శుద్ధి కేంద్రానికి చేరుస్తుంది. గడ్డిలో కనిపించే గొట్టాలు పరిశీలన బావులు. సిబ్బంది మూత తీసి ముందు నిలవనీటిని తోడేస్తారు, మట్టిలోంచి కొత్తగా ఊరిన నీటినే సీసాల్లో పడతారు. నీటిమట్టం కాల్వ దగ్గర తక్కువగా, బయట ఎక్కువగా ఉండాలి. అప్పుడే నీరు బయటికి పోకుండా లోపలికి పారుతున్నట్టు. టేపు దించి, రెండు చోట్లా కొలిచి, అంకెలు రాసుకుని, మళ్లీ మూత బిగిస్తారు.