రౌటర్ ఎక్కడ పెట్టారు?

మాది కడపలో పాత ఇల్లు, మూరెడు మందం రాతి గోడలు. రౌటర్ ముందు గదిలో టీవీ వెనుక ఉండేది. ఆన్‌లైన్ పరీక్ష రోజున మా అమ్మాయి సిగ్నల్ కోసం మెట్ల మీద కూర్చుని రాసింది.

ఖరీదైన రౌటర్ కొందామనుకున్నాను. ముందు పాతదాన్నే ఇంటి మధ్యలో ఎత్తుగా బిగించి, గోడలను కాస్త మెరుగ్గా దాటే 2.4 గిగాహెర్ట్జ్‌కు మార్చాను. వెనక గదికీ సిగ్నల్ అందింది.

సెట్టింగులు తెరిచినప్పుడే గమనించాను: పాస్‌వర్డ్ నా ఫోన్ నంబరే! అడిగినవారికల్లా చెప్పిందీ నేనే. వెంటనే పొడవైనది పెట్టాను. రౌటర్ అడ్మిన్ పాస్‌వర్డ్ కూడా మార్చాను.

మీరు కొత్తది కొంటే రెండు బ్యాండ్లు, డబ్ల్యూపీఏ3 ఉన్నాయా అని అడగండి. అంతకుముందు, మీ పిల్లలు చదువుకునే చోట ఫోన్ పట్టుకుని ఒకసారి సిగ్నల్ చూడండి.