కళాశాలకు బోవు బాలిక యెచట నుండవలెను?

కళాశాలలో చోటు దొరకినదని తెలిసినంతనే గృహమున రెండవ చర్చ యారంభమగును. పిల్ల యేమి చదువవలెనన్న ప్రశ్నకంటె నెచట నుండవలెనన్న ప్రశ్నయే తల్లులకు నిద్ర లేకుండ జేయును. మా తోడికోడలి కుమార్తె హైదరాబాదునకు జదువ నేగవలసి వచ్చినప్పుడు, కళాశాల యావరణలోని వసతిగృహమా, వెలుపలి గదియా యని మే మింటిల్లపాదియు పది దినములు తర్కించితిమి. “రెండును కుదరనిచో చదువే మాన్పింతము” అని మా మామగా రనిరి. అప్పుడు గాని మాకు దెలియలేదు, ఇది వసతిని గూర్చిన తగవు గాదు, పిల్ల చదువును గూర్చినదే యని.

హైదరాబాదున స్త్రీల కళాశాల 1924లోనే నెలకొనినది. 1949లో కోఠీలోని రెసిడెన్సీ భవనమునకు మారినది. కాని దూరగ్రామపు కన్యకు తల దాచుకొన దావు లేనిచో, కళాశాల ద్వారము తెఱచియున్నను మూసినట్లే కదా!

ఆవరణలోని వసతివలన మేలు స్పష్టము. తరగతికి నడచి పోవచ్చును, గ్రంథాలయము దగ్గఱ, దారి భయము తక్కువ. పెక్కు వసతిగృహములలో నెలకైన భోజనవ్యయమును తిన్న దినముల లెక్కను బట్టి విద్యార్థినులకు బంచుదురు గావున, ధరలు పెరిగిన నెలలో బిల్లును బెరుగును. ర్యాగింగును నిషేధించుచు యు.జి.సి. 2009లో నిబంధనలు చేసినది. విద్యార్థినియు, తలిదండ్రులును ఏటేటా ప్రమాణపత్రము సమర్పింపవలెను. ఇక లోపమన నిర్బంధమే. చీకటి పడకమున్నే బాలికలను మాత్రము లోపల వేసి తాళము వేయుట న్యాయమా యని 2015లో ఢిల్లీ విద్యార్థినులు “పింజ్రా తోడ్”, అనగా పంజరమును విఱుగగొట్టుమను పేర నుద్యమించిరి. వారి ప్రశ్నను తేలికగా ద్రోసివేయ రాదు.

వెలుపలి వసతి వేఱు తీరు. అమీరుపేట, దిల్‌సుఖ్‌నగరు ప్రాంతములలో ప్రయివేటు వసతిగృహములు వీధివీధిని గలవు. నెలకు మనిషికి 20,000 రూపాయలకు మించక, ఎడతెగక 90 దినములైన నుండువారి వసతికి 2024లో జి.ఎస్.టి. మినహాయించిరి. కాని పన్ను తగ్గినంతనే గాలి వెలుతురు రావు. మేము చూచిన యొకచోట నిరువురకు జాలిన గదిలో నాలుగు మంచములు, ఒకే కిటికీ. వెనుక తలుపునకు రాత్రి తాళము. నిప్పంటుకొన్నచో నెటు పోవుదురని యడుగగా యజమానురాలు నవ్వి యూరకుండెను. ముగ్గురు స్నేహితురాండ్రు కలిసి గది యద్దెకు దీసికొన్నచో స్వేచ్ఛ గలదు, సంసారము నడుపు నేర్పు నబ్బును. అయితే వంట, నీరు, గ్యాసు, అద్దె యను వానికి చదువు ఘడియలలోనుండియే కాలము దీయవలెను.

తుదకు పిల్లనే యడిగితిమి. “పిన్నీ, నాకు భయము లేదు. గ్రంథాలయము మూయువఱకు చదువుకొని, నడచి రాగల చోటు కావలెను” అనెను. మేము పది దినములు లెక్కించినవానిలో నీ మాట లేనే లేదు! మొదటి సంవత్సరము ఆవరణలోనే యుండుటకును, ఊరు తెలిసిన పిదప తన యిష్టము వచ్చినచోట నుండుటకును నిశ్చయించితిమి. మామగారు రెండు దినములు మాటాడలేదు. మూడవనాడు తామే పెట్టె కొని తెచ్చిరి.

కావున, తల్లులారా! ఏ చోటనైనను సొమ్ము చెల్లింపకమున్నే స్వయముగా బోయి చూడుడు. పగలే గాక చీకటి పడిన పిదపను ఆ వీధిలో నడువుడు. వంటయిల్లు, స్నానపుగది, రెండవ ద్వారము పరికింపుడు. అచట నుండు బాలికలను యజమానురాలు లేని సమయమున బలుకరింపుడు. అడ్వాన్సు తిరిగి యెప్పుడిత్తురో వ్రాయించుకొని రసీదు పుచ్చుకొనుడు. గది దొరకలేదను కారణముచే మాత్రము చదువు మాన్పకుడు. గదులు మరల వెదకవచ్చును, గడచిన యేడు వెదకినను దొరకదు.