నునుపూ, పదునూ

మా నాన్న వడ్రంగి. ఆయన ముఖం నిండా మశూచి మచ్చలుండేవి. నేను రాయబోయేది కంప్యూటరులో ఫొటోలను సవరించే రెండు పద్ధతులను గురించి. అయినా యీ రెండు సంగతులూ ముందుగా చెప్పకపోతే, తరవాత చెప్పేదానికి అర్థం వుండదు.

కిందటేడు నాన్న పోయారు. సంవత్సరీకానికి గోడకు పెట్టడానికి పెద్ద ఫొటో కావలసివచ్చింది. ఆయన ఫొటోలు తీయించుకునే మనిషి కాడు. దొరికింది ఒక్కటే, ఎప్పుడో ఏదో కార్డు కోసం తీయించిన పాస్‌పోర్టు సైజు ఫొటో. దానిమీద గుండుసూది తుప్పు, గీతలు, దుమ్ము. "నేనే బాగుచేస్తానులే" అన్నాను అమ్మతో. మా కాలేజీ లైబ్రరీలోని పాత పుస్తకాలను స్కాన్ చేసే పని నాలుగేళ్ళుగా నా నెత్తినే వున్నది గనుక, యీ విద్య నాకు కొంత పట్టుబడింది.

కంప్యూటరుకు ఫొటో అంటే అంకెలు నింపిన గళ్ళు. నలుపు తెలుపు ఫొటోలో ఒక్కొక్క గడికి 0 నుంచి 255 దాకా ఒక అంకె వుంటుంది. 0 అంటే కటిక నలుపు, 255 అంటే తెల్లని తెలుపు. నునుపు చేసే ఫిల్టరు ప్రతి గడి దగ్గరకూ వెళ్ళి, చుట్టూ వున్న ఎనిమిదింటినీ దానితో కలిపి, తొమ్మిదింటి సగటును ఆ గడిలో వేస్తుంది. చుట్టూ 100 వుండి మధ్యలో ఒక దుమ్ముచుక్క 190 వుంటే, సగటు 110. చుక్క దాదాపు మాయం. "మీడియన్" అనేది యింకా గట్టిది. అది తొమ్మిదింటినీ వరసగా పేర్చి ఐదోదాన్ని తీసుకుంటుంది. అప్పుడు 190 కాస్తా 100 అవుతుంది. అక్కడొక చుక్క వుండేదన్న జాడ కూడా మిగలదు.

పదును పెట్టే ఫిల్టరు దీనికి ఎదురు. అందులో సులువైన రకం, గడిలోని అంకెను 5తో గుణించి, పైన, కింద, కుడి, ఎడమ వున్న నాలుగింటినీ అందులోంచి తీసివేస్తుంది. చుట్టూ 100 వుండి మధ్యలో 110 వుంటే, 550లో 400 పోగా 150. పదిగా వున్న తేడా యాభై అయింది. ఒకటి తేడాలను చంపుతుంది, రెండోది తేడాలను పెంచుతుంది. ఆ తేడా ఎక్కడిదో, ఎవరిదో రెంటికీ తెలియదు.

నాన్న ఫొటోకు నేను మీడియన్ వేశాను. గడుల పరిధి 3 నుంచి 5కు, 5 నుంచి 7కు పెంచాను. తుప్పు పోయింది. గీతలు పోయాయి. మచ్చలూ పోయాయి. అక్కడ ఆగవలసింది. ఆగలేదు. నిజం చెప్పవలసివస్తే, మచ్చలు పోతున్నకొద్దీ నాకు సంతోషమే కలిగింది. హైస్కూల్లో చదివే రోజుల్లో ఒకసారి నాన్న నాకు అన్నం కారియరు తెచ్చి యిచ్చారు. "ఎవర్రా ఆయన?" అని స్నేహితుడు అడిగితే, "మా వీధిలో ఆయన" అన్నాను. నాన్న విన్నారో లేదో నాకు తెలియదు. ఆ తరవాత ఆయన బడికి రాలేదు. ఆ రాత్రి కంప్యూటరు ముందు కూర్చుని నేను తుడిచింది దుమ్మును కాదు.

ఫొటో చూసి అమ్మ చాలాసేపు మాట్లాడలేదు. తరవాత, "మీ నాన్నకు తమ్ముడున్నాడని నాకెవరూ చెప్పలేదే!" అన్నది. నేను నవ్వాను. ఆమె నవ్వలేదు. "ఆయన మొహంమీద అమ్మవారు నడిచిందిరా. ఆ అడుగులేవీ?"

నాన్నకు ఏడో ఏట మశూచి సోకింది. అదే గదిలో పడుకున్న ఆయన చెల్లెలు బతకలేదు. మన దేశంలో జాతీయ మశూచి నిర్మూలన కార్యక్రమం 1962లో మొదలయింది. యిక్కడ పుట్టిన చివరి మశూచి 1975 మేలో బయటపడింది. ప్రపంచంలో ఎక్కడా ఆ వ్యాధి లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1980లో ప్రకటించింది. అంటే ఆ మచ్చలున్న ముఖాలు యిక కొత్తగా పుట్టవు. ఉన్నవి ఒక్కొక్కటే వెళ్ళిపోతున్నాయి. టీకాలు వేసినవాళ్ళ శ్రమకూ, టీకా అందక పోయినవాళ్ళ చావుకూ సాక్ష్యం ఆ ముఖాలే. నేను చెరిపింది నాన్న ముఖంలోని లోపాన్ని కాదు, వాఙ్మూలాన్ని.

తప్పు దిద్దుకుందామని, నునుపు చేసిన ఫొటోకే పదును పెట్టి చూశాను. మచ్చలు తిరిగిరాలేదు, రావు కూడా. పదును పెట్టడమంటే మిగిలివున్న తేడాను పెంచడమేగాని, పోయినదాన్ని పుట్టించడం కాదు. పైగా కొత్త చిక్కు వచ్చింది. 100 పక్కన 150 వున్న అంచు దగ్గర యీ లెక్క వేస్తే, 100 కాస్తా 50కి దిగుతుంది, 150 కాస్తా 200కు ఎక్కుతుంది. అంచుకు యిటు నల్లగీత, అటు తెల్లగీత. నాన్న తలచుట్టూ దేవుడి పటంలోలాగా వెలుగు చుట్టు వచ్చింది! కథల్లో శ్రమజీవిని ఎక్కువ పదును పెట్టి చూపించినప్పుడు కూడా జరిగేది యిదే. మనిషి పోయి, చుట్టూ వున్న వెలుగు మిగులుతుంది.

యీ జబ్బు ఫొటోలదే కాదు. లైబ్రరీ పనిలో మొదట్లో నేను ప్రతి పేజీకీ ఒకే ఫిల్టరు వేసేవాణ్ణి. పురుగు తిన్న చుక్కలతోపాటు సన్నని ఒత్తులు కూడా పోయాయి. "జలధార" కాస్తా "జలదార" అయింది. "దార" అంటే భార్య గనుక నీళ్ళకు సంసారం ఏర్పడింది! పదును పెడితే కాగితం మరకలు లేని ఒత్తులై కూర్చున్నాయి. గ్రంథ పరిష్కర్తలు యీ రెండు పనులూ కంప్యూటరు రాకముందే చేశారు. ముద్దుపళని రాసిన "రాధికాసాంత్వనము"ను మొదట కొన్ని పద్యాలు తీసివేసి అచ్చువేశారు. ఆ పద్యాలు వాళ్ళకు దుమ్ములాగా కనిపించాయి. బెంగుళూరు నాగరత్నమ్మ 1910లో పూర్తి గ్రంథాన్ని ప్రచురిస్తే, ప్రభుత్వం మరుసటి ఏడు నిషేధించింది. ఆ నిషేధం పోవడానికి 1947 దాకా ఆగవలసివచ్చింది.

కాబట్టి నునుపు చేయకూడదని నేననను. తుప్పు నాన్నది కాదు, గుండుసూదిది. దుమ్ము స్కానరుది. వాటిని తీసెయ్యడం న్యాయమే. వస్తువుకు చెందినదేదో, పరికరానికి చెందినదేదో తేల్చుకోవడమే అసలు పని. అది ఫిల్టరుకు చేతగాదు. ఆ ముఖాన్ని ఎరిగినవాళ్ళకే చేతనవుతుంది. నాన్న చిత్రిక పట్టేముందు చెక్కను అరచేత్తో నిమిరి, నార ఎటు పోతున్నదో చూసేవారు. "ఎదురు పడితే లేచిపోతుందిరా. తీసిన పొట్టును మళ్ళీ అంటించలేం" అనేవారు. ఎం.ఏ. చదివిన నాకు ఆ మాట అర్థం కావడానికి యిన్నేళ్ళు పట్టింది.

అదృష్టవశాత్తూ మొదటి స్కాను దాచివుంచాను. దాన్ని తీసి, తుప్పు వున్నచోట తుప్పు మేరకు, గీత వున్నచోట గీత మేరకు మాత్రమే మీడియన్ వేశాను. వెనకున్న తెరను నునుపు చేశాను. కళ్ళదగ్గర కొద్దిగా పదును పెట్టాను. చెంపలను ముట్టుకోలేదు. అమ్మ పక్కన కూర్చుని, "అది మరక, అది ఆయనదే" అని వేలుపెట్టి చూపించింది. మూడు సాయంత్రాలు పట్టింది.

ఫ్రేము కట్టించి తెచ్చాక అమ్మ కొంగుతో అద్దం తుడిచి, "చెవిమీద పెన్సిలేదిరా?" అన్నది.

"ఫొటోలో లేదమ్మా."

పక్కింటి కుర్రాడు సెల్‌ఫోనులో కృత్రిమ మేధతో క్షణంలో పెట్టిస్తానన్నాడు. నేను వద్దనేలోగా అమ్మే వద్దన్నది. లోపలికి వెళ్ళి, నాన్న పనిముట్ల పెట్టెలోంచి అరిగిపోయిన ఎర్ర పెన్సిలు ముక్క తీసుకువచ్చి, ఫ్రేము పైఅంచుమీద పెట్టింది.