రాయి దొరకని ఊరు

మా ఇల్లు మాణికేశ్వర్ నగర్‌లో. పాతవాళ్లు ఇప్పటికీ వడ్డెర బస్తీ అనే అంటారు. గల్లీ దాటి ఒకవైపు నడిస్తే ఉస్మానియా యూనివర్సిటీ, ఇంకోవైపు నడిస్తే తార్నాక. పొద్దున లేవగానే మా కంటికి ముందు కనబడేది రాయి. గడప బండ, బట్టలుతికే బండ, కాస్త దూరం పోతే ఆర్ట్స్ కాలేజీ గోడలు. 1939లో తెరుచుకున్న ఆ భవనానికి మా తాత రాయి కొట్టాడని మా నాయిన చెబుతాడు. దానికి కాగితం మీద సాక్ష్యమేమీ లేదు. భవనం నమూనా గీసిన బెల్జియం వాస్తుశిల్పి ఎర్నెస్ట్ జాస్పర్ పేరు పుస్తకాల్లో ఉంది. కట్టించిన ఏడో నిజాం పేరు యూనివర్సిటీకే ఉంది. రాయి కొట్టినవాళ్ల పేర్లు మాత్రం బస్తీ ముసలివాళ్ల నోట్లో ఉన్నాయి, వాళ్లతో పాటే పోతున్నాయి.

మా నాయినకు 72 ఏళ్లు. ఉలి పక్కన పెట్టి పదేళ్లయింది. పోయిన చలికాలం ఆయన్ని బందరు తీసుకెళ్లాను. ఎప్పుడూ సముద్రం చూడలేదన్నాడు. సముద్రమే చూపించాలంటే విశాఖపట్నం ఉంది కదా, బందరెందుకని ఇంట్లో అడిగారు. నాకు బందరే చూడాలని ఎన్నేళ్ల నుంచో ఉంది. తార్నాకలో స్టేట్ ఆర్కైవ్స్ భవనం ముందు నుంచి రోజూ పోతుంటాను. షాజహాన్, ఔరంగజేబుల కాలం నాటి పారసీ కాగితాలు ఆ భవనంలో ఉన్నాయి. ఒకసారి లోపలికి వెళ్లి అద్దం కింద పెట్టిన కాగితాలు చూశాను. ఒక్క అక్షరం చదవలేకపోయినా చాలాసేపు నిలబడ్డాను. గోల్కొండ వైభవమంతా కొండ మీద లేదని, అందులో సగం సముద్రం ఒడ్డున ఉండేదని అప్పటి నుంచే నాకు అనిపిస్తోంది. వజ్రాలు, అద్దకం బట్టలు ఓడెక్కింది బందరులోనే. పారశీక గుర్రాలు, అరకాను ఏనుగులు దిగిందీ అక్కడే. బందరు అన్న మాటకు పారసీలో అర్థమే రేవు. అసలు పేరు మచిలీపట్నం అయినా, పనిని బట్టి పిలిచిన పేరే జనం నోట నిలిచింది.

సికింద్రాబాద్‌లో రాత్రి రైలెక్కితే తెల్లారేసరికి కృష్ణా జిల్లా పొలాల్లో ఉన్నాం. కిటికీ పక్కన కూర్చున్న మా నాయిన చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. గుడివాడ దాటాక మెల్లగా అన్నాడు:

“గుట్ట లేదు, బండ లేదు. ఈడ ఇండ్లు దేంతోటి కడుతరు బిడ్డా?”

బందరులో మ్యూజియం చూడాలంటే ముందు పేటల పేర్లు చదవాలి. వలందపాలెం, అంటే హాలండు వాళ్లు ఉన్న పాలెం. ఇంగ్లీషుపాలెం పేరు చెబితేనే తెలుస్తుంది. ఫ్రెంచివాళ్లను మనవాళ్లు పరాసులు అన్నారు, వాళ్లది పరాసుపేట. డచ్చివాళ్లు 1606 ప్రాంతంలో వచ్చి కొఠీ పెట్టుకున్నారు. ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ ఓడ ‘గ్లోబ్’ 1611లో వచ్చింది. ఫ్రెంచివాళ్లు 1669లో దిగారు. 1759లో కర్నల్ ఫోర్డ్ కోటను పట్టుకున్నాక ఊరు ఇంగ్లీషువాళ్ల చేతిలోనే ఉండిపోయింది. ఇవన్నీ పుస్తకాల్లో చదివినవే. కానీ ఆటోవాలా “వలందపాలెం సెంటర్లో దించెయ్యనా అండీ?” అని అడిగినప్పుడు నాకు ఒళ్లు జలదరించింది. అతని నోట అది వీధి పేరు మాత్రమే. నాలుగు వందల ఏళ్లు ఒక్క మాటలో పెట్టి అతను నన్ను అడిగాడు.

బందరుకోటలో ఆయుధాగారం గోడలున్నాయి, గంటగోపురం ఉంది. వాటి దగ్గర ఎక్కువసేపు ఉండలేదు. మా నాయిన గోడను తట్టి చూసి, ఇటుక అన్నాడు, ముందుకు నడిచాడు.

డచ్చివాళ్ల సమాధుల దగ్గర ఆగిపోయాడు. 17వ శతాబ్దంలో ఇక్కడ చనిపోయిన వర్తకులవి, వాళ్ల ఆడవాళ్లవి, పిల్లలవి. పెద్ద పెద్ద రాతి పలకలు నేల మీద పరిచి ఉన్నాయి. పలక పైభాగాన వంశ చిహ్నం, దాని మీద శిరస్త్రాణం, చుట్టూ ఆకుల తీగ, కింద వరసగా డచ్చి అక్షరాలు. మద్రాసులో పురావస్తు శాఖ అధికారిగా పనిచేసిన అలెగ్జాండర్ రే, డచ్చి కంపెనీ కట్టడాల మీద 1897లో ఒక పుస్తకమే వేశాడు.

మా నాయిన చెప్పులు విడిచాడు. ఎందుకని నేను అడగలేదు. పలక పక్కన గొంతుక్కూర్చుని అరచేతితో దుమ్ము తుడిచాడు. తర్వాత చూపుడువేలు ఒక అక్షరం అంచు మీద పెట్టి నెమ్మదిగా దాని చుట్టూ తిప్పాడు. గుండ్రంగా మొదలై, లోపలికి మెలి తిరిగి, చివర తోక వదిలిన పెద్ద అక్షరమది.

“ఇగో, ఇది పైకి తేలింది చూడు. లోపలికి తొలిచే అక్షరం అలక. పైకి తేలాలంటే చుట్టూ ఉన్న రాయంతా తీసెయ్యాలె. ఒక్క దెబ్బ జారితె అక్షరం పాయె, పలక పాయె.”

అప్పుడు పలక మొత్తం మళ్లీ చూశాను. ఇరవై వరసల్లో ఒక్క అక్షరం కూడా విరగలేదు. అక్షరాల మధ్య నేల ఎక్కడా ఎగుడుదిగుడు లేకుండా చదునుగా ఉంది.

“చెక్కినోడు మనోడే,” అన్నాడు.

“ఎట్ల తెలుసు?”

“ఆ తీగ చూడు. గుడి ద్వారబంధానికి చెక్కే తీగె అది. చెయ్యి అలవాటు యాడికి పోతది?”

“మరి ఆ భాష ఎట్ల వచ్చె?”

“భాషెందుకు? ముగ్గేసినట్టే. గీత యాడ మొదలయితదో, యాడ తిరుగుతదో చూసుకోవాలె. నేను చెక్కలేదా?”

నిజమే. మా నాయినకు చదువు రాదు. కానీ చుట్టుపక్కల గుళ్ల మెట్ల మీద చందా ఇచ్చినవాళ్ల పేర్లు, ఇళ్ల ముందు శిలాఫలకాలు, శంకుస్థాపన రాళ్లు ఎన్ని చెక్కాడో లెక్కలేదు. ఎవరో సుద్దముక్కతో రాసిచ్చేవాళ్లు, ఆ గీత వెంట ఈయన ఉలి నడిచేది. చిన్నప్పుడు పక్కన కూర్చుని నేనే ఆయనకు చదివి వినిపించేదాన్ని: “నాయినా, ఇది నూట పదహార్లు ఇచ్చినాయన పేరు.” ఆయన తలూపి తర్వాతి రాయి ముందుకు లాక్కునేవాడు.

ఈ పలకల మీద సమాధి అయినవాళ్ల పేర్లున్నాయి, పుట్టిన ఊళ్లున్నాయి, చనిపోయిన తేదీలున్నాయి. చెక్కినవాళ్ల పేర్లు లేవు. చరిత్రకారుడు నా మాట ఒప్పుకోకపోవచ్చు, అయినా నాకు మా నాయిన వేలి మీదే నమ్మకం. ఒండ్రుమట్టి తప్ప మరేమీ లేని నేలకు ఎవరో ఎక్కడి నుంచో ఆ రాయిని మోసుకొచ్చారు. తనకు తెలియని భాషలో, తనకు తెలియని మనిషి చావును ఒకడు ఇంత శ్రద్ధగా చెక్కాడు. ఆ శ్రద్ధ ముందు నేను చాలాసేపు తల వంచుకుని కూర్చున్నాను.

అక్కడే ఇంకో సంగతి గుండెలో గుచ్చుకుంది. 1864 నవంబరు 1 రాత్రి ఈ ఊరి మీదికి ఉప్పెన వచ్చింది. బందరులో, చుట్టుపక్కల పల్లెల్లో కలిపి సుమారు 30,000 మంది పోయారు. ఒక్క రాత్రిలో పోయిన అంతమందికి పలకలెక్కడివి? రాయి లేని ఊళ్లో సామాన్యుడి పేరు నిలవడానికి చోటు లేదు. 1977 నవంబరులో దివిసీమను ముంచిన ఉప్పెన సంగతి చెబితే మా నాయినకు గుర్తొచ్చింది. అప్పుడు బస్తీలో ఇల్లిల్లూ తిరిగి పాత బట్టలు, బియ్యం పోగుచేశారట.

మంగినపూడిలో సముద్రం చూశాడు. మోకాళ్ల లోతు దాకా వెళ్లి నిలబడ్డాడు. “దీనికి అవతలి గట్టు లేదా?” అని ఒక్కటే అడిగాడు. అప్పట్లో పెద్ద ఓడలు ఒడ్డు దాకా రాలేకపోయేవని, లోతు చాలక దూరంగా లంగరు వేసుకుంటే చిన్న పడవల్లో మూటలు మోసుకెళ్లి ఎక్కించేవాళ్లని చెప్పాను. “మోసినోళ్లు ఎందరో,” అన్నాడు.

బందరులో చూడ్డానికేముంది అని చాలామంది అంటారు. ఆ మాట విన్నప్పుడల్లా నాకు బాధగా ఉంటుంది. రేవు పనే పంపించడం. వచ్చింది వచ్చినట్టు ఓడెక్కిస్తేనే అది రేవు. అందుకే బందరు సొమ్ము బందరులో లేదు. ఈ తీరం నుంచి వెళ్లిన అద్దకం బట్టలు లండన్ విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉన్నాయి. 17వ శతాబ్దపు గోల్కొండ కలంకారీ రుమాలు న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో ఉంది. వెళ్లకుండా ఇక్కడే ఉండిపోయినవి రెండే: ఇక వెళ్లలేని మనుషుల సమాధులు, పని తెలిసిన చేతులు.

ఆ చేతుల్ని చూడ్డానికి మర్నాడు పెడన వెళ్లాం. షెడ్డులో కరక్కాయ వాసన. కరక్కాయ పొడి, గేదెపాలు కలిపిన నీళ్లలో ముంచిన గుడ్డ పసుపు పచ్చగా ఎండుతోంది. తుప్పు పట్టిన ఇనుము, బెల్లం కుండలో రోజుల తరబడి నానితే నలుపు పుడుతుంది. పటిక అద్దిన చోట, రంగు నీళ్లలో ఉడికాక ఎరుపు తేలుతుంది. ఒకప్పుడు ఆ ఎరుపు చిరివేరు నుంచి వచ్చేది. ఒక్కో రంగుకు ఒక్కో టేకు అచ్చు. అద్దేవాళ్ల దగ్గర నేను నిలబడిపోతే, మా నాయిన అచ్చులు చెక్కే పెద్దాయన పక్కన చేరాడు. ఇద్దరిదీ ఇంచుమించు ఒకే వయసు.

పెద్దాయన టేకు దిమ్మె మీద పువ్వు చెక్కుతున్నాడు. పువ్వు పైకి తేలేలా చుట్టూ కర్ర తీసేస్తున్నాడు. మా నాయిన నా వైపు తిరిగి కళ్లతోనే చెప్పాడు: చూశావా, అదే పని.

“మా ఉలి పెద్దది, సుత్తె దెబ్బ మీద నడుస్తది,” అన్నాడు ఆయనతో. “మీది మునివేళ్ల మీద నడుస్తది.”

“కర్రకి వాటం చూసుకోవాలండి. వాటానికి ఎదురెళ్తే లేచిపోద్ది,” అన్నాడు పెద్దాయన.

“రాయికి కూడ ఉంటది వాటం.”

“రాయికి కూడానా!”

ఆ తర్వాత గంటసేపు వాళ్లిద్దరూ నన్ను మరిచిపోయారు. ఉలికి సాన పట్టడం, చలికాలంలో వేళ్లు పట్టేయడం, పిల్లలు ఈ పనిలోకి రాకపోవడం. ఒకరిది కృష్ణా యాస, ఇంకొకరిది మా బస్తీ యాస. వచ్చేటప్పుడు పెద్దాయన అంచులు అరిగిపోయి మూలన పడేసిన అచ్చు ఒకటి మా నాయిన చేతిలో పెట్టాడు. డబ్బులు తీసుకోలేదు. మేం తొక్కుడు లడ్డు పొట్లం ఇవ్వబోతే, బందరు లడ్డు బందరోళ్లకే ఇస్తారా అని నవ్వి, ఒక్క ఉండ తీసుకున్నాడు.

తిరుగు రైల్లో మా నాయిన ఆ అచ్చును ఒళ్లో పెట్టుకునే నిద్రపోయాడు.

ఇంటికొచ్చిన మూడో రోజు పొద్దున పాలకు వెళ్లి వస్తున్నాను. మా నాయిన గడప ముందు బండ కడిగి, ఆరాక, సుద్దముక్కతో దాని మీద ఏదో గీస్తున్నాడు. పక్కింటి పిల్ల బడి బ్యాగుతో నిలబడి వంగి చూస్తోంది.

“ఇదేం అక్షరం తాతా?”

గుండ్రంగా మొదలై, లోపలికి మెలి తిరిగి, చివర తోక వదిలిన అక్షరం. బందరు పలక మీద ఆయన వేలు తిరిగిన దారే, కొలత తప్పకుండా బండ మీద తేలింది.

“నాకు తెల్వది బిడ్డా,” అంటూ తోక చివర కాస్త చెరిపి, మళ్లీ సరిగా గీశాడు.